మంగతాయారు వేసిన పదో ఓటు

మంగతాయారుకి ఎవరితోనూ ‘వద్దు’ అని చెప్పడం చేతకాదు. ఈ సంగతి యానాం మంగళవారం సంతలో కూర్చునే వాళ్ళందరికీ తెలుసు. అరకేజీ బెండకాయలకని వెళ్ళిన మనిషి రెండు సొరకాయలు, నాలుగు కట్టల గోంగూర, ఎవరో బతిమాలితే కొన్న ప్లాస్టిక్ జల్లెడ మోసుకుంటూ ఇంటికొచ్చేది.

“జల్లెళ్ళు మనింట్లో అయిదున్నాయి గదే తాయారూ” అనేది అత్తగారు బుల్లెమ్మ.

“పొద్దుటినించీ ఒక్కటీ అమ్మలేదంటండీ పాపం.”

“అయితే ఆళ్ళ బోణీలన్నీ మనమే చేయాలా?”

ఇంత మొహమాటం గల మనిషిని తీసుకెళ్ళి, దేశదేశాల వాళ్ళు వచ్చిపోయే ఒక గుమ్మం దగ్గర కాపలా కూర్చోబెట్టారు. కూర్చోబెట్టిన వాళ్ళకి సంత సంగతి తెలియదు. అదీ అసలు కథ.

ఇప్పుడు తలుచుకుంటే ఎప్పటి మాటో అనిపిస్తుంది గానీ, అది 2007. ఎదుర్లంక వంతెన వచ్చి అయిదేళ్ళయినా, పెద్దవాళ్ళు ఇంకా బల్లకట్టు లాంటి పంటు మీద గోదావరి దాటిన రోజుల్నే తలుచుకుంటూ ఉండేవారు. బ్రాడ్‌బ్యాండ్ మోడెం మీద పచ్చదీపం నిలకడగా వెలిగితే ఇంట్లో వాళ్ళు ఒకరినొకరు పిలిచి చూపించుకునేవారు. ఫోనులో వేలుపెట్టి నొక్కితే ఏ ప్రోగ్రామైనా ఒక్కచోటే దొరికే రోజులు ఇంకా రాలేదు. మంగతాయారుకి అప్పుడు ముప్పై ఆరేళ్ళు. బట్టలకొట్టు పైన మేడ మీది కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పేది. అగ్రహారం నించీ మెట్టకూరు నించీ పిల్లలు సైకిళ్ళేసుకుని వచ్చేవారు. భర్త చిన్నారావు తాళ్ళరేవు వైపు పల్లెటూరి మనిషి. రొయ్యల చెరువుల కోసం వచ్చి, మెట్టకూరులో రొయ్యల మేత కొట్టు పెట్టుకుని స్థిరపడ్డాడు.

పక్కింటి లూయిస్ గారు ఇరవై ఏళ్ళకు పైగా ఫ్రెంచి సైన్యంలో పనిచేసి, పెన్షను తీసుకుని, సొంతూరు చేరిన పెద్దమనిషి. పెన్షను కాగితాల పని మీద పారిస్ వెళ్ళినప్పుడు ఒక చిత్రమైన పరికరం కొనుక్కొచ్చాడు. ఫోను కాదు, ఫోను కన్నా పెద్దది. కంప్యూటరే, కానీ చొక్కా జేబులో పడుతుంది. చిన్న పుల్లతో తెర మీద గీకితే పనిచేస్తుంది. నాలుగు రోజులు గీకి, అయిదో రోజు దాన్ని పట్టుకుని మంగతాయారు ఇంటికొచ్చాడు.

“అమ్మాయ్ తాయారూ, ఇందులో చదరంగం ఉంటదన్నారు. ఎంత ఎతికినా దొరకట్లేదే.”

ఆ చదరంగం వెతకడంతో మొదలైంది. ఆ పరికరానికి ప్రోగ్రాములు రాసేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు గానీ, ఎవడి సామాను వాడి పెరట్లో పెట్టుకున్నాడు. ఒక్కో ప్రోగ్రాముకి, వాళ్ళ భాషలో ప్యాకేజీకి, ఒక్కో చిరునామా. చదరంగానికి ఒక చిరునామా, గడియారానికి మరో చిరునామా ఎక్కించుకోవాలి. ఈ పెరటి సామాను ఆ పెరటి సామానుతో పడదు, రెండూ కలిస్తే పరికరం మొరాయిస్తుంది. మంగతాయారు ఓపిగ్గా చిరునామాలన్నీ పోగుచేసి, ఏది దేనితో పడదో పక్కనే రాసి, నెట్‌లో పెట్టింది. అది చూసి, ఈ చెల్లాచెదురంతా ఒక్క ఇంటికి చేర్చాలని చూస్తున్న నలుగురైదుగురు ‘మాతో చేరతారా సర్’ అని అడిగారు. వద్దనడం చేతకాదు గదా, చేరింది. వాడి చూడ్డానికని వాళ్ళే అలాంటి పరికరం ఒకటి పోస్టులో పంపారు. తను సర్ కాదని చెప్పడం కూడా చేతకాలేదు. ఏడాది పాటు ‘సర్’ గానే ఉండిపోయింది.

వాళ్ళు దాన్ని రిపాజిటరీ అనేవారు. బుల్లెమ్మ అడిగితే మంగతాయారు వేరేలా చెప్పింది.

“అదో ఇల్లనుకోండత్తయ్యా. ముందు వీధరుగు. ఎవరైనా తను చేసింది తెచ్చి అక్కడ పెట్టుకోవచ్చు. తరవాత సావిడి. సావిట్లోకొచ్చినదాన్ని నలుగురూ తమ పరికరాల్లో వేసుకుని, వాడి చూసి, బాగుంటే బాగుందని ఓటేస్తారు. పది ఓట్లు పడ్డాక లోపలి గదిలోకి వెళ్తుంది. లోపలి గదిలోది ఎవరైనా కళ్ళు మూసుకుని వాడుకోవచ్చు.”

“మరి నువ్వేం చేస్తావక్కడ?”

“ఏది ఏ గూట్లో ఉండాలో సర్దుతాను. ఓటు కూడా వేస్తాను.”

“అంటే పెళ్ళివంటల్లో ఉప్పు చూసే మనిషివన్నమాట” అంది బుల్లెమ్మ. ఆ ముక్క మంగతాయారు మాత్రం సరిగ్గా చెవిన పెట్టలేదు.

సర్దడం మటుకు బ్రహ్మాండంగా సర్దింది. ఎవడికి తోచిన పేరు వాడు రాసిన గూళ్ళు డెబ్బై నాలుగు ఉండేవి. సంతలో చేపలు ఒక వరస, కూరలు ఒక వరస, బట్టలు ఒక వరస ఉన్నట్టు వాటిని పన్నెండుకి తెచ్చింది. ఆటలన్నీ ఒకచోట, లెక్కలన్నీ ఒకచోట. గిటారు శ్రుతి చూసే ప్రోగ్రాము వంటింటి గడియారాల మధ్య ఇరుక్కుపోయి ఉంటే దాన్ని బయటికి లాగి సంగీతంలో కూర్చోబెట్టింది. ఉదయం వంటయ్యాక గంట, సెంటర్‌లో మధ్యాహ్నం ఖాళీలో గంట, అదే పని. ఆ ఇల్లు ఇప్పుడు లేదు. ఆ పరికరాలు చేయడం మానేశారు, రిపాజిటరీ నడిపిన సర్వర్లు ఒకరోజు ఆపేశారు. కానీ ఆ రోజుల్లో, తెల్లారేసరికి పేరు కూడా పలకలేని ఊరినించి ఎవరో ‘ధన్యవాదాలు సర్, నాకు కావాల్సింది వెంటనే దొరికింది’ అని రాస్తే, ఆవిడ ఆ రోజంతా పాటలు పాడుకుంటూ పనిచేసేది.

ఇలా ఉండగా తనూ ఒక ప్యాకేజీ చేసింది. గోదావరి సముద్రంలో కలిసే మొగలో పోటు ఎప్పుడో, పాటు ఎప్పుడో చూపించే పట్టిక. చెరువులోకి నీళ్ళు పెట్టుకునే చిన్నారావుకి పనికొస్తుంది, దరియాలతిప్ప పడవల వాళ్ళకి పనికొస్తుంది. ఎంతో మురిపెంగా దాన్ని సావిట్లోకి తెచ్చి కూర్చోబెట్టింది. ఆరు వారాలు అది అక్కడే కూర్చుంది. మూడే ఓట్లు పడ్డాయి. యానాం దగ్గర నీళ్ళు ఎప్పుడు ఎక్కుతాయో ప్రపంచంలో ఎవరికి కావాలి?

పెళ్ళీడు దాటుతున్న పిల్లని చూసినట్టు దాన్ని చూసుకుని దిగులుపడుతుంటే, బుల్లెమ్మ వీధిలో ఎవరి మీదో కోపంగా లోపలికొచ్చింది.

“ఆ అన్నపూర్ణ నిన్న మన పేరంటానికి రాలేదు, చూసేవా?”

“కిందటి శ్రావణంలో ఆవిడ పిలిస్తే మనం వెళ్ళలేదు కదండీ.”

“అదేనే మరి. ఆళ్ళ గుమ్మం మనం తొక్కితేనే మన గుమ్మం ఆళ్ళు తొక్కేది.”

మంగతాయారుకి ఒక్కసారి దీపం వెలిగినట్టయింది. తను ఎవరి గుమ్మం తొక్కింది గనక? ఆ ఆదివారం మధ్యాహ్నం కూర్చుని, సావిట్లో ఉన్న ప్యాకేజీలన్నిటికీ వరసగా ఓట్లు వేసింది. స్వీడన్‌లో బస్సుల వేళలకి ఒకటి, పేకాటకి ఒకటి, గర్భిణీ స్త్రీల తేదీలు లెక్కగట్టేదానికి ఒకటి. మొత్తం పదిహేడు. ఒక్కటీ తన పరికరంలో వేసుకుని చూడలేదు. పేరంటానికి వెళ్ళినప్పుడు వాళ్ళింటి గోడలు కొట్టి చూస్తామా? బొట్టు పెట్టించుకుని, తాంబూలం తీసుకుని, ‘చాలా బాగా చేసేరండీ’ అని వచ్చేస్తాం. అలాగే ఒక్కోదాని కిందా చక్కగా నాలుగు మాటలు రాసింది.

వారం తిరక్కుండా వాళ్ళందరూ తిరుగు పేరంటానికి వచ్చేశారు. పోటుపాట్ల పట్టికకి పది ఓట్లూ పడి, అది లోపలి గదిలోకి వెళ్ళిపోయింది. ఆ రోజు ఇంట్లో పరవాన్నం.

వచ్చిన వాళ్ళలో హంగేరీ నించి లాస్లో అనే ఆయన అందరికన్నా మర్యాదస్తుడు. ‘మీ పట్టిక ఎంతో చక్కగా పనిచేస్తోంది సర్. మా ఇంట్లో అందరం వాడుతున్నాం’ అని రాశాడు. అంత మాటన్న మనిషి ఆ ఆదివారం తరవాత కొత్తగా తెచ్చిన నక్షత్రాల పటం సావిట్లో తొమ్మిది ఓట్ల మీద ఆగిపోయి ఉంది. ఆకాశం వైపు పరికరాన్ని చూపిస్తే ఏ చుక్క ఏదో చెబుతుందట. చాలా పెద్ద ప్యాకేజీ. యానాం నెట్ మీద దించాలంటే రెండు గంటలు పడుతుంది. సెంటర్‌లో పరీక్షలు, చెరువు నీళ్ళలో గాలి ఆడించే ఏరేటర్ పాడైంది, ఇంట్లో బుల్లెమ్మకి జ్వరం. మంగతాయారు పదో ఓటు వేసేసింది. ఒట్టి ఓటు బాగుండదని, ‘చాలా బాగుంది. నక్షత్రాలు ఎంత బాగా మెరుస్తున్నాయో’ అని కూడా రాసింది.

ఆ బుధవారమే అది లోపలి గదిలోకి వెళ్ళింది.

గురువారం పొద్దున్నే లూయిస్ గారు పరికరాన్ని చేతిరుమాల్లో చుట్టి, దెబ్బతిన్న పిట్టని తెచ్చినట్టు తెచ్చాడు.

“దీనికి ఊపిరాడట్లేదే తాయారూ.”

తెర మీద పేరు వచ్చింది. నల్లబడింది. మళ్ళీ పేరు వచ్చింది. మళ్ళీ నల్లబడింది.

“ఏం చేశారండీ?”

“నేనేం చేసేను? కొత్తగా చుక్కల పటం వచ్చిందంటే దించుకున్నాను. నువ్వు మెరుస్తున్నాయని రాసేవు గదా, చూసి మరీ నొక్కేను.”

మంగతాయారు పరికరాన్ని అందుకుని ఓసారి ఆపి వెలిగించింది. సంగతి అర్థమైంది. ఆ పరికరంలో ప్రాణం నిలిచే చోటు చాలా చిన్నది. చుక్కల బొమ్మలన్నీ వెళ్ళి ఆ చోటంతా నింపేశాయి. లేచి నిలబడడానికి దానికి ఇంత ఖాళీ కూడా లేదు. ఎవరైనా ఒక్కసారి తన పరికరంలో వేసి చూసుంటే సావిట్లోనే బయటపడే తప్పు. అందుకేగా సావిడి.

“దీన్ని మొత్తం తుడిచేసి కొత్తగా నింపితే బాగైపోతుంది మావయ్యగారూ. అందులో మీవేమన్నా ఉన్నాయా?”

లూయిస్ గారు వెళ్ళి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ మెల్లిగా చెప్పాడు.

“జోసెఫిన్‌కి ఉత్తరం ఉందే.”

రాబోయే ఆదివారానికి లూయిస్ గారికీ జోసెఫిన్‌కీ పెళ్ళయి నలభై ఏళ్ళు. చర్చిలో పూజ అయ్యాక హాల్లో ఎనభై మందికి భోజనాలు. అక్కడ అందరి ముందూ చదవాలని నాలుగు నెలలుగా ఆ ఉత్తరం రాస్తున్నాడు. కాగితం మీద రాస్తే జోసెఫిన్‌కి దొరికిపోతుంది. చొక్కా జేబులు, బీరువా, దిండు కింద, ఆవిడ వెతకని చోటు లేదు. ఆవిడ చెయ్యి పడనిది ఇంట్లో ఈ పరికరం ఒక్కటే.

“మళ్ళీ రాసుకోలేరాండీ?”

“మూడు రోజుల్లోనా? నా మూతి చూడు. నా నోట్లోంచి మంచి మాట ఒకటి రావాలంటే నెల పడతాది. జోసెఫిన్ నలభై ఏళ్ళనించీ ఇనలేదు. నువ్వు తుడవకుండా బాగుచెయ్యి.”

మంగతాయారు వెంటనే అందరూ చదివే చోట మెయిల్ పెట్టింది. అయితే కాస్త పక్కకి తప్పుకుని పెట్టింది. ‘మా ఊళ్ళో ఎవరికో ఇలా అయిందట. లోపల విలువైనది ఉందట. తుడవకుండా ఏమైనా దారి ఉందా?’ లాస్లో గంటలో జవాబిచ్చాడు. పాపం కంగారుపడిపోయాడు. ‘దారి ఉండొచ్చు సర్. ముందొకటి చెప్పండి. మీరు పరీక్షించినప్పుడు బానే ఉందన్నారు కదా. అప్పుడు మీ దాంట్లో ఎంత చోటు మిగిలింది? మీ దాంట్లో బాగుండి ఆయన దాంట్లో చెడిందంటే తప్పు ఆయన పరికరంలో ఉంది, వైద్యం వేరు. మీ దాంట్లోనూ ఇరుకైందంటే తప్పు నా ప్యాకేజీది, వైద్యం వేరు. ఒక వైద్యం బదులు ఇంకోటి చేస్తే లోపలున్నది పోతుంది.’

అంతే కదా. ఏదో ఒక అంకె రాసి పంపేయొచ్చు. ఇంకో చిన్న మర్యాద. కానీ ఆ అంకె మీదే లూయిస్ గారి నాలుగు నెలలూ ఆధారపడి ఉన్నాయి. గురువారం సాయంత్రం జవాబు రాయలేకపోయింది. గోడవతల జోసెఫిన్ ఎవరితోనో ఎనభై మందికి ఎన్ని కేజీల రొయ్యలు కావాలో మాట్లాడుతోంది. ఈవిడకి అన్నం సయించలేదు.

“ఏటే అలాగున్నావు?” అంది బుల్లెమ్మ.

“రుచి చూడకుండా ఉప్పు సరిపోయిందన్నానత్తయ్యా.”

బుల్లెమ్మకి ముందువెనకలు తెలియకపోయినా మాట తెలిసింది. “అయితే పందిట్లోకెళ్ళి సెప్పెయ్. వడ్డించేశాక సెప్పినా ఒకటే, సెప్పకపోయినా ఒకటే. జనం ఎలాగూ ముద్ద నోట్లో పెట్టుకుంటారు.”

శుక్రవారం మధ్యాహ్నం, పరీక్ష రాసిన పిల్లలు వెళ్ళిపోయాక, ఖాళీ సెంటర్‌లో కూర్చుని రాసింది. ఇంగ్లీషులో క్షమాపణ రాయడం ఎప్పుడూ ఇరుకే. తెలుగులో అయితే ‘ఏమీ అనుకోకండి’ అని మొదలెట్టేయొచ్చు. కొట్టేసి, మళ్ళీ రాసి, చివరికి నేరుగా రాసేసింది. ‘నేను నక్షత్రాల పటం దించలేదు. చూడలేదు. అవి మెరుస్తాయో లేదో నాకు తెలియదు. లాస్లో గారు నా పట్టికకి ఓటేశారు గనక నేనూ వేశాను. మా వైపు పేరంటాలకి అలాగే వెళ్తాం. ఆ ఆదివారం వేసిన పదిహేడు ఓట్లూ ఇలాంటివే, వాటినన్నిటినీ వెనక్కి తీసుకుంటున్నాను. చెడిన పరికరం ఎవరిదో కాదు, మా పక్కింటి పెద్దాయనది, నా మాట నమ్మి వేసుకున్నాడు.’ రాస్తూ రాస్తూ ఆవేశం ఆగలేదు. మొదలెట్టాక మొత్తం ఒప్పేసుకుంటే పోతుందనిపించి, చివర ఇంకో వాక్యం చేర్చింది. ‘ఇంకో సంగతి, నేను సర్‌ని కాదు.’

పంపేసి, కంప్యూటర్ కట్టేసి, మెట్లు దిగి, కింద బట్టలకొట్టు ముందు నిలబడి కొబ్బరినీళ్ళు తాగింది.

తిరిగి పైకెళ్ళేసరికి లాస్లో జవాబు వచ్చి ఉంది.

‘మేడమ్, మా దేశానికి సముద్రమే లేదు. మీ పోటుపాట్ల పట్టిక నేనెప్పుడూ తెరవలేదు. మా ఇంట్లో అందరం వాడుతున్నామని రాసింది కూడా నిజం కాదు. మా ఇంట్లో నేనొక్కణ్ణే ఉంటాను.’

ఆ వెనక స్వీడన్ బస్సుల ఆయన ఒప్పుకున్నాడు. ఆ వెనక పేకాట ఆయన. సాయంత్రానికి తేలిందేమంటే, పోటుపాట్ల పట్టికకి పడ్డ పది ఓట్లలో దాన్ని తెరిచి చూసిన వాళ్ళు ఒక్కరూ లేరు. పేరంటం అంటే ఏమిటని ఇద్దరు అడిగారు. చుక్కల పటాన్ని లోపలి గదిలోంచి బయటికి తీసుకొచ్చారు. మంగతాయారు తన పట్టికని కూడా తనే చెయ్యి పట్టుకుని సావిట్లోకి తెచ్చి కూర్చోబెట్టుకుంది. మర్నాడు దరియాలతిప్పలో పడవ నడిపే వీరబాబుకి చూపిస్తే, అతను తెర వైపు ఓసారి, నీళ్ళ వైపు ఓసారి చూసి, “ముప్పావుగంట తేడా ఉందండి తాయారుగారూ. దీని మాటింటే నా పడవ బురదలో కూకునుండేది” అన్నాడు. ఆవిడ పట్టిక కిందకొచ్చిన మొట్టమొదటి అసలైన మాట అదే.

ఎవరూ వేసి చూడలేదని తేలాక, తప్పు తన ప్యాకేజీదేనని లాస్లో ఒప్పుకుని, దానికి తగ్గ వైద్యం కూడా రాశాడు. ఒక చిన్న మెమరీ కార్డులో తాత్కాలికంగా ప్రాణం పోసే సరంజామా ఎక్కించి, దాంతో పరికరాన్ని లేపి, లోపలికెళ్ళి చుక్కల బొమ్మల్ని ఒక్కొక్కటే తీసేయాలి. మిగతాదేదీ ముట్టుకోకూడదు. ఆ సైజు కార్డు ఇంట్లో ఒక్కటే ఉంది, చిన్నారావు కెమెరాలో. అందులో అతని కొట్టులో మేత తిని పెరిగిన రొయ్యల ఫొటోలున్నాయి. కొత్త బేరం వచ్చినప్పుడల్లా చూపిస్తాడు.

“అన్నీ తుడిచేయాలండీ” అంది మంగతాయారు.

“అన్నీనా? కిందటేడు ఆ పెద్ద రొయ్య కూడానా?”

“ఆయ్.”

“మళ్ళీ అలాంటిది పడుద్దంటావా?” అని కార్డు తీసి చేతిలో పెట్టి, పడదని తనకీ తెలుసు గనక, కొట్టుకి వెళ్ళిపోయాడు.

శనివారం పది గంటలకి సెంటర్‌లో లూయిస్ గారు కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. మంగతాయారు లాస్లో రాసిన కాగితం పక్కన పెట్టుకుని, ఒక్కో మాటా రెండుసార్లు చదివి, ఒక్కో మీటా నొక్కింది. చుక్కలు గుంపులు గుంపులుగా వెళ్ళిపోయాయి. కార్డు తీసి మళ్ళీ వెలిగించింది. తెర మీద పేరు వచ్చింది. నల్లబడింది. లూయిస్ గారు సిలువ గుర్తు వేసుకున్నాడు. తరవాత మామూలు తెర, దాని మీద గడియారం.

ఉత్తరం ఉంది. అయితే మొత్తం ఉందో, సగంలో తెగిపోయిందో చూడాలి కదా. ఇక ఏదీ చూడకుండా బాగుందని చెప్పేది లేదని నిన్ననే ఒట్టేసుకుంది. తెరిచింది. లూయిస్ గారు మాటలు తెలుగులో రాశాడు గానీ అక్షరాలు ఫ్రెంచివి. కళ్ళతో చూస్తే తలాతోకా తెలియదు, పైకి చదివితేనే తెలుగు వినిపిస్తుంది. అందుకని పైకే చదవాల్సి వచ్చింది, రాసినవాడి ముందే.

మొదటి పేరాలో పంటు దిగి గోనెసంచి మోసుకొస్తున్న పద్దెనిమిదేళ్ళ జోసెఫిన్ ఉంది. రెండో పేరాలో, ఆయన దూరదేశంలో ఉండగా ఒంటరిగా ఇద్దరు పిల్లల్ని కని పెంచిన జోసెఫిన్ ఉంది. లూయిస్ గారు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. మూడో పేరాలో కారైకాల్ పోస్టుమాస్టరు కూతురు ఉంది.

‘నీకన్నా ముందు ఆ అమ్మాయిని చూశాను. చాలా అందగత్తె. పియానో వాయించేది. వాళ్ళ నాన్న ఒప్పుకోలేదు. ఒప్పుకుని ఉంటే నువ్వు నాకు దొరికేదానివి కాదు. అందుకని ఆయనకి నేను రుణపడి ఉన్నాను.’ ఆ అమ్మాయి జడ గురించి ఇంకో నాలుగు వాక్యాలు.

నాలుగో పేరా, అయిదో పేరా, సంతకం. అంతా ఉంది. ఏదీ తెగలేదు.

“మొత్తం వచ్చేసిందండీ” అంది మంగతాయారు.

“వచ్చింది సరే. ఎలాగుంది?”

‘చాలా బాగుందండీ’ అని నాలిక చివరిదాకా వచ్చేసింది, ముప్పై ఆరేళ్ళుగా అలవాటైన మాట. ఉత్తరం రాసిన మనిషి ఎదురుగా కూర్చున్నాడు. పెద్దవాడు, పక్కింటివాడు, పండక్కి కేకు పంపేవాడు. సంతలో జల్లెడ పట్టుకుని నిలబడ్డ మనిషి కన్నా ఎక్కువ ఆశగా చూస్తున్నాడు. కానీ రేపు ఇది వడ్డించేది ఎనభై మందికి.

“మూడో పేరా బాగోలేదు మావయ్యగారూ.”

లూయిస్ గారు మొదట నవ్వాడు, సరదాకి అందనుకుని. తరవాత నవ్వు ఆపాడు.

“అదే అన్నిటికన్నా బాగా రాసేను. పొగడ్తే అది.”

“మీకు పొగడ్త. జోసెఫిన్ అత్తయ్యగారికి కాదు. రెండో ఎంపికని చెప్పినట్టుందండీ. పైగా జడ.”

“జడ మంచి వర్ణనే.”

“మంచి వర్ణనే. అందుకే మరీ బాగోలేదు.”

ఆయన ముఖం కందిపోయింది. సైన్యంలో కూడా తనతో ఎవరూ ఇలా మాట్లాడలేదన్నాడు. మంగతాయారు మాట మార్చలేదు. చివరికి, “నువ్వే తీసెయ్” అన్నాడు. “మీ ఉత్తరం, మీరే తీయండి” అని పుల్ల ఆయన చేతికిచ్చింది. ఆయన ఒక్కో వాక్యం దగ్గరా ఆగి, పియానో దగ్గర మరికాస్త ఆగి, తీసేశాడు. పరికరం చేతిరుమాల్లో చుట్టుకుని, వెళ్ళొస్తానని కూడా చెప్పకుండా మెట్లు దిగిపోయాడు.

ఆ రాత్రి ఆవిడ చిన్నారావుతో, “రేపు మనం భోజనానికి వెళ్ళడం బాగుంటదంటారా?” అని మూడుసార్లు అడిగింది. “పిలిచేరు, ఎల్తాం. నా రొయ్య పోయింది, ఆళ్ళ రొయ్యలైనా తిననీ” అన్నాడతను.

వెళ్ళారు. పూజ అయింది. హాల్లో అరటాకులు పరిచారు. లూయిస్ గారు సూటు వేసుకుని, పరికరం కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చదివాడు. పంటు దిగిన జోసెఫిన్ దగ్గర జనం నవ్వారు. పిల్లల్ని ఒంటరిగా పెంచిన జోసెఫిన్ దగ్గర వెనక వరసల వాళ్ళు కూడా ముందుకి వంగి విన్నారు. తరవాత, మూడో పేరా ఉండాల్సిన చోట, ఆయన ఆగిపోయాడు. పేరా లేకపోయినా అలవాటు పోలేదు. తల ఎత్తి మంగతాయారు వైపు చూసి, గ్లాసెడు నీళ్ళు తాగి, గొంతు సవరించుకుని, నాలుగో పేరాలోకి వెళ్ళాడు. జోసెఫిన్ చీరకొంగు కళ్ళ మీదికి వచ్చింది. ఫాదర్ గారు ముందు చప్పట్లు కొట్టారు, తరవాత అందరూ కొట్టారు.

వడ్డన మొదలయ్యాక జోసెఫిన్ కూర గిన్నె పట్టుకుని మంగతాయారు ఆకు ముందు ఆగింది.

“మధ్యలో ఎందుకాగేడే ఆయన? అక్కడేం రాసేడు?”

“ఏదో రాశారండీ. బాగోలేదని నేనే తీయించేశాను.”

జోసెఫిన్ రెండు గరిటెల రొయ్యల కూర వేసింది. వద్దన్నా మూడోది కూడా వేసింది.

“కారైకాల్ పిల్ల సంగతేనా?”

మంగతాయారు కూరలోకి చూసింది. “మీకు తెలుసాండీ?”

“పెళ్ళయిన మూడో రోజునే చెప్పేడు. అదీ పొగడ్తనుకునే చెప్పేడు.”

“మరి ఇక్కడ చదివేసుంటే ఏం చేసేవారు?”

“ఏం చేస్తాను, ఇంతమందికి వడ్డించాలిగా” అంది జోసెఫిన్, పక్క ఆకు మీదికి వంగుతూ. “వడ్డన అయ్యాక ఆయన సంగతి చూసేదాన్ని.”